చీమలకు బెల్లం, చీమలకు మందు

ఆ వేసవంతా నేను నడుం వంచి నేల చూస్తూనే గడిపాను. ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్ పేట‌లో మేం అద్దెకున్న పాత చెక్క ఇంట్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అదే పని. వంటగట్టు అంచు, తలుపు కింది సందు, పిల్లల బూట్లు, చెత్తబుట్ట వెనక. ఎక్కడ చూసినా సన్నటి గోధుమరంగు చీమలు, కుట్టుమిషన్ దారంలా, ఎక్కడా తెగకుండా.

నేను ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పని చేసేదాన్ని. ఒక ఏజెన్సీ ద్వారా నలుగురు పసివాళ్ళు పొద్దున్నే వచ్చేవారు, సాయంత్రం తల్లిదండ్రులు తీసుకెళ్ళేవారు. వాళ్ళలో చిన్నది ఇంకా నడక రాని పిల్ల. మా ఆయన పనిచేసే కంపెనీలో ఆయన ఉన్న విభాగాన్నే ఎత్తేశారు. ఆయన రోజూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. కాబట్టి ఇల్లు నడిచేది ఆ నలుగురు పిల్లల మీదే. ఆ సమయంలోనే మా అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చారు. కొడుకు ఉద్యోగం పోయిందని విని ఊళ్ళో ఉండలేక వచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నదాన్ని చుట్టూ ఊచలున్న కాట్‌లో పడుకోబెట్టి, మిగతా ముగ్గురికి అన్నాలు తినిపిస్తున్నాను. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. వెళ్ళి చూస్తే పాలు ఒలికిన దుప్పటి అంచు నుంచి పిల్ల మెడ దాకా చీమలు. ఎత్తుకుని దులిపాను, ఒళ్ళు తుడిచాను, బట్టలు మార్చాను. మెడ కింద నాలుగైదు ఎర్రటి పొక్కులు కనిపించాయి. సాయంత్రం వాళ్ళమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. ఏజెన్సీకి మాత్రం చెప్పింది. చెప్పాలి కూడా.

నెలకోసారి ఇల్లు చూడటానికి వచ్చే కోఆర్డినేటర్ ఆ వారమే వచ్చింది. మంచి మనిషి, నా కన్నా చిన్నది. పిల్లలు పడుకునే గదిలో మోకాళ్ళ మీద కూర్చుని గోడవారగా పోతున్న చీమల్ని చాలాసేపు చూసింది. ఇంట్లో స్ప్రే కొట్టకూడదు, పిల్లలకు అందేచోట ఏ మందూ ఉండకూడదు, ఇవి నాకు తెలిసిన నియమాలే. మళ్ళీ చెప్పింది. లేచి, మోకాళ్ళు దులుపుకుని, మెల్లగా అంది. "వచ్చే నెల నేను వచ్చేసరికి ఈ గదిలో చీమ కనిపించకూడదు. కనిపిస్తే పిల్లల్ని వేరే ఇంటికి మార్చక తప్పదు. ఇది నా చేతిలో లేదు, అర్థం చేసుకోండి."

అర్థం చేసుకున్నాను. పిల్లల్ని ఒకసారి మారిస్తే మళ్ళీ ఇవ్వరు. అలా ఖాళీ అయిన ఇళ్ళు ఒకటి రెండు నాకు తెలుసు.

నాకు ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసినదంతా లైబ్రరీలో తెలుసుకున్నదే. ఈ దేశం వచ్చిన కొత్తలో, డబ్బు కట్టనక్కర్లేకుండా ఎన్ని పుస్తకాలైనా ఇంటికి తీసుకెళ్ళొచ్చని ఎవరో చెబితే నమ్మలేదు. నమ్మాక ఆగలేదు. ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నాను. పసిపిల్లల పెంపకం మీద ఆ చిన్న లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివాకే ఈ పనికి దరఖాస్తు పెట్టాను. అందుకని, కోఆర్డినేటర్ వచ్చి వెళ్ళాక, ఆ శనివారం నేను పురుగుమందుల షాపుకు పోలేదు. లైబ్రరీకి పోయాను.

కీటకాల అరలో చీమల మీద రెండు పుస్తకాలు దొరికాయి. ఒకదాంట్లో పెద్ద అధ్యాయం అమెరికాలో పొలాల్నీ పెరళ్ళనూ పట్టి పీడించే ఎర్రచీమల గురించి. ఒంటి మీద నిప్పు పెట్టినట్టు కుడతాయట. అందుకే వాటిని ఫైర్ యాంట్ అంటారు. బొమ్మ చూశాను. గోధుమ ఎరుపు రంగు, సన్నటి నడుం. పిల్ల మెడ మీద పొక్కులు గుర్తొచ్చాయి. ఈ దేశంలో ఆ చీమ కనబడితే వెంటనే ప్రభుత్వానికి చెప్పాలని ఇంకోచోట చదివాను. సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాను. ఫోటో పంపమన్నారు. తెల్లకాగితం మీద చీమను పెట్టి, పక్కన స్కేలు పెట్టి, తీసి పంపాను.

ఆ సాయంత్రమే ఒకాయన ఫోన్ చేశారు. స్కేలు పెట్టినందుకు మెచ్చుకున్నారు. అది ఫైర్ యాంట్ కాదు, అర్జెంటీనా చీమ అన్నారు. ఆక్లాండ్‌లో చాలాచోట్ల ఉందట. కుట్టదట, పొక్కులు దోమవో చెమటవో అయ్యుంటాయట. మరి మీరెప్పుడు వస్తారు అని అడిగాను. ఫైర్ యాంట్ అయితే రేపే వచ్చేవాళ్ళమనీ, ఇవి ఎప్పుడో స్థిరపడిపోయిన చీమలు కాబట్టి ఇంటివాళ్ళే చూసుకోవాలనీ ఆయన మర్యాదగా చెప్పారు. ఫోన్ పెట్టేశాక మా ఆయనకు చెబితే, "మనకంటే ముందే ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసిందన్నమాట వీటికి" అన్నారు. చాన్నాళ్ళకు ఆయన వేసిన జోకు అది. నవ్వుదామనుకున్నాను, ఓపిక లేకపోయింది.

పుస్తకాలు మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఈసారి అర్జెంటీనా చీమ కోసం. పిల్లలు మధ్యాహ్నం పడుకున్నప్పుడు వాళ్ళ గదిలోనే నేల మీద కూర్చుని, ఒక కన్ను కాట్ మీదా ఒక కన్ను పేజీ మీదా పెట్టి. మనకు కనబడే చీమల్ని చంపితే లాభం లేదని అందులో ఉంది. అవి మేత తీసుకెళ్ళే పనివాళ్ళు మాత్రమే. గూట్లో ఉన్న రాణులు బతికున్నంత కాలం కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఈ జాతికి ఒక్క రాణి కాదు, చాలామంది. ఒక గూడు, ఇంకో గూడు కొట్టుకోవు కూడా. వీధి వీధంతా ఒకే కుటుంబంలా బతుకుతాయి. కాబట్టి మందును మేతలో కలిపి పెట్టాలి. అదే ఎర. అది నెమ్మదిగా పనిచేయాలి. తిన్న చీమ అక్కడికక్కడే చచ్చిపోతే మందు గూటి దాకా చేరదు. తిని, బతికి, ఇంటికి నడిచి, పిల్లపురుగులకూ రాణులకూ నోటితో అందించాక పోవాలి. అది చదివినప్పుడు పుస్తకం కాసేపు మూసేశాను. ఎదురుగా చిన్నది నోరు తెరిచి నిద్రపోతోంది.

ఏ ఎర పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఫైర్ యాంట్ అధ్యాయంలో మొక్కజొన్న నూకను నూనెలో నానబెట్టి మందు కలుపుతారని రాశారు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది, చల్లితే సరిపోతుంది కదా అని. కానీ అందరి నాలుక ఒకటి కానట్టే చీమలదీ. కొనేముందు మన చీమ ఏం తింటుందో పరీక్ష చేసుకోమని పుస్తకం చెప్పింది. అట్టముక్కల మీద వేరుశనగ ముద్ద, తేనె, చేప పెట్టి చూడమంది. వేరుశనగ మా ఇంట్లోకే రాకూడదు, పిల్లల్లో ఎవరికి పడదో తెలీదని ఏజెన్సీ నియమం. చేప వస్తే మా అత్తగారు ఊరుకోరు. అందుకని తేనె, నూనెలో కలిపిన మొక్కజొన్న రవ్వ, పిల్లల డబ్బాలో మిగిలిన సాసేజ్ ముక్క, మూడూ మూడు అట్టల మీద పెట్టి, వెనక మెట్ల పక్కన చీమల బారు పోయేచోట ఉంచాను.

చీమలు వచ్చాయి. రవ్వను వాసన చూసి పోయాయి. సాసేజ్ చుట్టూ కొన్ని తిరిగాయి. తేనె దగ్గర నాలుగు ఆగాయి, తర్వాత అవీ పోయాయి. నేను విస్తుపోయాను. పుస్తకంలో బొమ్మ వేరేలా ఉంది, అట్ట కనబడనంతగా మూగిన చీమలు. తీపంటే ప్రాణమిచ్చే జాతి అని రాసి మరీ ఉంది. అట్టలు మార్చాను, నీడలో పెట్టాను, మర్నాడు మళ్ళీ పెట్టాను. అంతే. తేనెను దాటుకుని, బారుకు బారు, గరాజ్ పక్కనుంచి ఎటో పోతోంది. ఎవరో పెళ్ళి భోజనానికి పిలిచినట్టు ఆగకుండా.

ఎటు పోతున్నాయో చూద్దామని ఒక పొద్దున్న పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరాను. చిన్నది నా చంకలో. మిగతా ముగ్గురూ చీమల వెనక గొంతు కూర్చుంటూ, జరుగుతూ, మళ్ళీ గొంతు కూర్చుంటూ. వాళ్ళకదో ఆట. బారు గరాజ్ గోడ వెంబడి పోయి, కాంక్రీటు దారి అంచు దిగి, పెరటి మూలనున్న ఫీజోవా చెట్టు దగ్గర ఆగింది. ఆకుపచ్చటి కాయలు అప్పుడప్పుడే రాలుతున్నాయి. వాటికోసం అనుకున్నాను. చెట్టు మొదట్లో చూద్దును కదా, ఒక పలకరాయి శుభ్రంగా కడిగి పెట్టి ఉంది. దాని మీద బియ్యం నూకలు, దంచిన బెల్లం, రెండు నువ్వులు. చీమలతో ఆ రాయి కదులుతున్నట్టుంది.

ఆ బెల్లం నాకు తెలుసు. శాండ్రింగ్‌హామ్ ఇండియన్ కొట్లో నేను కొన్నదే. త్వరగా అయిపోతోందేమిటని కూడా అనుకున్నాను. అత్తగారు కాఫీలో బెల్లం వేసుకుంటున్నారేమోలే అని ఊరుకున్నాను.

ఆ పూట పిల్లలు పడుకున్నాక అడిగాను. ఆవిడ దాచలేదు, దాచాల్సిన పనని అనుకోలేదు కూడా. కొడుక్కి ఏలినాటి శని నడుస్తోందట. ఊళ్ళో సిద్ధాంతిగారు చీమలకు బెల్లం, నూకలు పెట్టమన్నారట. శనివారాలు తప్పనిసరి, మిగతా రోజులు కుదిరితే. వచ్చిన వారం నుంచీ పెడుతున్నారు. ఇక్కడ చీమలు దొరుకుతాయో లేదో అని బయల్దేరేముందు బెంగపెట్టుకున్నారట. ఇన్ని కనబడేసరికి కొడుకు అదృష్టం అనుకున్నారట.

నేను ఏజెన్సీ సంగతి చెప్పాను. కోఆర్డినేటర్ అన్న మాట చెప్పాను. ఎర గురించి, అవి ఆకలితో ఉంటే తప్ప ఎర తినవన్న సంగతి, చదివినదంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. తలొంచుకుని కొంగు అంచు మడతపెడుతూ విప్పుతూ విన్నారు.

"అంటే, నేను పిలిచి పెట్టిన చోటే నువ్వు మందు పెడతానంటావు" అన్నారు.

"బారంతా అటే పోతోంది అత్తయ్యా. అక్కడైతేనే తింటాయి."

"వాడి పేరు చెప్పి పెట్టానమ్మాయ్. గోత్రం చెప్పి పెట్టాను."

పేరూ గోత్రమూ పుస్తకంలో లేవు. అలసటగా ఉంది, వాదించాలనిపించలేదు. ఆ పిల్లలు పోతే వచ్చే నెల అద్దె ఎలాగో ఆవిడకు తెలుసు. కొడుక్కి ఉద్యోగం రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఇద్దరం ఒకే ఇంటి కోసం ఒకే చీమలతో వేగుతున్నాం. పక్క గదిలోంచి ఆయన వచ్చి, ఏమిటని అడిగి, విషయం విని, "నా జాతకం మీద ఆక్లాండ్ చీమలు బతికేస్తున్నాయా" అన్నారు. ఆవిడ కొడుకు వైపు చూసిన చూపుకి ఆయన మళ్ళీ ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళిపోయారు.

మొక్కు మధ్యలో ఆపకూడదట. శనివారాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అందుకని ఆవిడ సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టి, నన్నూ కూర్చోమన్నారు. చీమలు కుదరకపోతే నల్లావుకు పెట్టమన్నారాయన. ఈ పేటలో ఆవు లేదన్నాం. అయితే కాకికి పెట్టమన్నారు, శనికి కాకి వాహనం కదా అని. ఇక్కడ కాకులుండవండీ అన్నాను. కాకులే లేని ఊరు ఉంటుందా అని ఆయన అడిగారు. ఉందన్నాను. మరి నల్లటి పక్షి ఏముందని అడిగారు. బ్లాక్‌బర్డ్ అని ఒకటుంటుంది, ఒళ్ళంతా నలుపే, ముక్కు మాత్రం పసుపు, పచ్చిక మీద గెంతుతుంటుందని చెప్పాను. పక్షుల పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకున్నదే. ఆయన ఆలోచించి, నలుపైతే చాలు, పెట్టేవాళ్ళ మనసు ముఖ్యం అన్నారు.

అత్తగారు ఫోన్ పెట్టేశారు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళబోతే, "నువ్వు ముట్టుకోకు" అన్నారు. తనే కూర్చుని, రాయి మీదున్న బెల్లం, నూకలు ఒక కాగితంలోకి తీశారు. చీమల్ని విదిలించలేదు. వేలితో ఒక్కొక్కదాన్నీ పక్కకి తప్పించారు. రాయి కడిగి బోర్లించారు. లోపలికి వస్తూ నా వైపు చూడకుండా అన్నారు. "చెట్టు కింద పెట్టకు. దారిలో ఎక్కడైనా పెట్టుకో."

ఆ మాట నిలబెట్టాను. షాపులో తీపి జెల్ తెచ్చాను, ఈ చీమల పేరు డబ్బా మీద రాసున్నదే. పిల్లలు రాని ఆదివారం, గ్లోవ్స్ వేసుకుని, మూతకు కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాల్లో కొంచెం కొంచెం పిండాను. పిల్లలు ఆడుకునే చోటుకీ వెనక పెరటికీ మధ్య గడియ ఉన్న చిన్న గేటు ఉంది. గేటుకు అవతల, గరాజ్ గోడ నీడలో, బారు పక్కనే పెట్టి, ఒక్కో డబ్బా మీదా ఇటుక పెట్టాను. రాలిన ఫీజోవా కాయలన్నీ ఏరాను. రోజూ ఏరాను. వంటగట్టు రాత్రిళ్ళు మామూలు కంటే ఎక్కువ తుడిచాను. ఎర తప్ప తినేదేదీ వాటికి దొరకకూడదు. నడుం పడిపోయేది.

మొదటి రోజు మేఘాలు కమ్మితే భయపడ్డాను, వాన పడితే ఎర పాడైపోతుందని. పడలేదు. రెండో రోజుకి ఆ డబ్బాల చుట్టూ ఒత్తుగా మూగాయి. పుస్తకంలో బొమ్మలాగే. ఇంట్లోనూ ఎక్కువయ్యాయి. కాట్ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. పిల్ల పడుకున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను, కనబడినదాన్ని తడిగుడ్డతో తీస్తూ. గేటు అవతల ఉన్నవాటిని మాత్రం ఒక్కదాన్నీ చంపకూడదు. చంపితే మందు ఇంటికి చేరదు. అలా చూస్తూ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది నాకు.

అత్తగారు గేటు దగ్గర నిలబడి చూసేవారు.

"రాణి కూడా తింటుందా?" అని అడిగారొకసారి.

"దానికి మిగతావి తెచ్చి తినిపిస్తాయి."

"మంచిదనుకునే తెస్తాయి కదూ" అని లోపలికి వెళ్ళిపోయారు.

మెల్లగా బారు పలచబడింది. ముందు వంటింట్లో, తర్వాత తలుపు దగ్గర, చివరికి గరాజ్ గోడ దగ్గర. నేను ఎర మార్చి కొత్తది పెట్టాను, తినేవి తక్కువయ్యాయి. కోఆర్డినేటర్ వచ్చిన రోజు పొద్దున్న పడకగది నేల మీద పడుకుని మంచాల కింద టార్చ్ వేసి చూశాను. ఏమీ లేదు. నమ్మకం చాలక మళ్ళీ చూశాను.

ఆమె కూడా అలాగే మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. పరుపు ఎత్తి చూసింది. వంటగట్టు కింద, గేటు అవతల ఇటుకల కింద డబ్బాలు కూడా చూసింది. ఏం చేశారని అడిగితే చెప్పాను. ఏ పుస్తకమో చెప్పాను. పిల్లలు మీ దగ్గరే ఉంటారంది. నేను థాంక్స్ చెప్పాననుకుంటాను. కుర్చీ లాక్కుని కూర్చున్నది మాత్రం గుర్తుంది.

వెళ్ళబోతూ ఆమె బయట పిల్లలు ఆడుకునే ఇసుకతొట్టి దగ్గర ఆగింది. ఇసుకలో తెల్లగా, నల్లగా రెట్టలు. కంచె మీద వరసగా పిచ్చుకలు, గోరింకలు. కంచె కింద మా అత్తగారు, చేతిలో నానబెట్టిన బియ్యం గిన్నె. పిచ్చుకల్ని చీర కొంగుతో అదిలిస్తూ, పసుపు ముక్కు నల్లపిట్ట కోసం చోటు చేస్తున్నారు. అది పచ్చిక మధ్యలో నిలబడి బియ్యం వైపు చూడకుండా వానపాములు వెతుక్కుంటోంది. పిచ్చుకలు ఆవిడను లెక్కచేయకుండా వెనక నుంచి వచ్చి తింటున్నాయి.

ఇసుకతొట్టికి మూత పెట్టాలని కోఆర్డినేటర్ చెప్పింది. వచ్చే నెలలోగా. సరేనన్నాను.

ఆ ఆదివారం ఆయనా నేనూ వెళ్ళి మూత కొనుక్కొచ్చాం. బరువైనది. పిల్లలు వచ్చేముందు ఒకవైపు నేను, ఒకవైపు అత్తగారు పట్టుకుని తీసేవాళ్ళం, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసేవాళ్ళం. ఆవిడ ఉన్నన్నాళ్ళూ తన వైపు తనే పట్టుకున్నారు. మూత వేశాక ఇద్దరం దాని మీదే కాసేపు కూర్చునేవాళ్ళం. నాకు అలవాటుగా కళ్ళు నేల మీదికి పోయేవి. ఆవిడవి కంచె మీదికి.